అలసిన మెదడు చెప్పదు

మెదడును కోసినా దానికి నొప్పి తెలియదు. తలమీది చర్మానికీ, మెదడును కప్పే డ్యూరా పొరకూ తెలుస్తుంది గానీ, లోపలి కణజాలంలో నొప్పిని పసిగట్టే నాడులు లేవు. అందుకే మాటను నడిపే భాగం పక్కన గడ్డ ఉంటే కొందరు రోగులను మెలకువగా ఉంచి, బొమ్మలు చూపించి పేర్లు చెప్పిస్తూ, అంకెలు లెక్కపెట్టిస్తూ ఆపరేషన్ చేస్తాం. మాట తడబడిందా, మా చెయ్యి ఆగిపోతుంది. తనకేమవుతోందో మెదడు తనంతట తాను చెప్పుకోలేదు. ఎదుటివాళ్లే కనిపెట్టాలి.

ఇంత తెలిసిన న్యూరోసర్జన్లమే మా మెదళ్ల దగ్గరికొచ్చేసరికి ఈ సంగతి మరిచిపోతాం. హెల్మెట్ లేకుండా బండి మీంచి పడ్డ కుర్రాడికి తలలో రక్తం గడ్డకడితే తెల్లవారేదాకా ఆగడానికి వీల్లేదు. ఆ కేసు ముగించి రౌండ్స్‌కీ, రౌండ్స్ నుంచి ముందే వేసుకున్న ట్యూమర్ కేసుకీ నడుస్తున్న పీజీ డాక్టర్ని ‘ఎలా ఉన్నావయ్యా?’ అని అడిగితే ‘బాగానే ఉన్నాను సార్’ అంటాడు. అతను అబద్ధమాడటం లేదు. నిద్రలేమి శ్రద్ధను తగ్గిస్తుంది, తగ్గిందని తెలుసుకునే శక్తినీ తగ్గిస్తుంది. కాబట్టి ఆ జవాబును నమ్మకపోవడమే గురువు పని.

మన దేశంలో జేకబ్ చాండీ 1949లో వెల్లూరులో, బి. రామమూర్తి 1950లో మద్రాసులో న్యూరోసర్జరీ మొదలుపెట్టినప్పుడు చేతికింద శిక్షణ పొందినవాళ్లు లేరు. రాత్రీ పగలూ ఉన్న కొద్దిమందే చూసుకోవాలి. అది ఆనాటి అవసరం. తర్వాతి తరాలవాళ్లం దాన్ని ఆచారం చేసి, ఆచారాన్ని అర్హతగా మార్చాం. మేం పడ్డ కష్టం వీళ్లూ పడాలన్నది బోధన కాదు, బాకీ వసూలు.

వైద్యులు చేసే జెనీవా ప్రతిజ్ఞ 1948 నాటిది. వైద్యుడు తన ఆరోగ్యాన్నీ చూసుకోవాలన్న మాట అందులో చేరడానికి 2017 దాకా పట్టింది. మన జాతీయ వైద్య కమిషన్ వేసిన కార్యదళం 2024లో పీజీల పని వారానికి 74 గంటలు దాటకూడదని, ఒకరోజు సెలవు ఉండాలని సిఫార్సు చేసింది. కాగితం మీద ఇది మంచిదే. కానీ యూనిట్ ఛీఫ్ ముఖం చిట్లిస్తే ఏ పీజీ సెలవు అడుగుతాడు? ఎప్పుడో ఒక యోగా తరగతి పెట్టించి, డ్యూటీ చార్టు మాత్రం ముట్టుకోకపోతే దాన్ని సంక్షేమం అనలేం.

అన్యూరిజానికి, అంటే మెదడు రక్తనాళంలో వచ్చిన ఉబ్బుకు, క్లిప్ ఎలా పెట్టాలో నేర్పినట్టే, ఎప్పుడు మరొకరికి కేసు అప్పగించాలో కూడా థియేటర్‌లోనే నేర్పాలి. దాన్ని ముందుగా గురువే చేసి చూపాలి. రోగి చనిపోయిన రోజున శిష్యుణ్ణి కూర్చోబెట్టుకుని పది నిమిషాలు మాట్లాడటం కూడా పాఠమే.

యూనిట్లు నడిపే పెద్దలకు నా మనవి ఒక్కటే. రాత్రంతా కేసు చేసిన పీజీ తనంతట తాను అడుగుతాడని చూడకండి. మీరే ఇంటికి పంపండి.