తలుపు దాటాకే

1996 నవంబరు 23న కొమొరో దీవుల దగ్గర సముద్రంలో పడిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం గురించి ఎప్పుడు చదివినా నా మనసు ఒక్కచోటే ఆగిపోతుంది. అది బోయింగ్ 767. హైజాకర్లు ఆస్ట్రేలియాకు పోనివ్వమన్నారు. అంత ఇంధనం లేదని కెప్టెన్ లెవుల్ అబాతె ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. చివరికి ఇంజన్లు ఆగిపోయాయి. విమానం ఎడమవైపు ఒరిగి నీటిని తాకి ముక్కలైంది. 175 మందిలో 125 మంది పోయారు. వాళ్లలో చాలామంది ఆ దెబ్బకు పోలేదు. విమానం లోపల ఉండగానే లైఫ్ జాకెట్లలో గాలి నింపేసుకున్నారు. లోపలికి నీళ్లు రాగానే ఆ గాలి వాళ్లను ఎత్తి పైకప్పుకు అదిమిపెట్టింది. కిందికి మునిగి తలుపు దాకా పోదామంటే జాకెట్ మునగనివ్వదు. తేల్చడమే దాని పని, ఆ పనే అది చేసింది.

లోపల గాలి నింపొద్దని కెప్టెన్ చెప్పాడు. కొందరికి వినపడలేదు, కొందరికి అర్థం కాలేదు, కొందరు విన్నా ఆగలేకపోయారు. వాళ్లను తప్పుపట్టే అర్హత ఒడ్డున కూర్చున్న మనకు లేదు. గంటల తరబడి హైజాకర్ల చేతిలో ప్రాణాలు బిగబట్టుకుని కూర్చున్నవాళ్లు. భయానికి చేతులు ఖాళీగా ఉంటే తోచదు. ఏదో ఒకటి చేసెయ్, ఇప్పుడే చేసెయ్ అంటుంది. చేసేస్తే కాస్త ఊరట. వాళ్లు చేసింది సరైన పనే. కాకపోతే కొన్ని నిమిషాలు ముందు చేశారు.

అంతకు నలభై ఏళ్ల ముందు, 1956 అక్టోబరులో, హొనొలులు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు పోతున్న పాన్ అమెరికన్ విమానానికి పసిఫిక్ నడిమధ్యన రాత్రివేళ నాలుగింటిలో రెండు ఇంజన్లు పనికిరాకుండా పోయాయి. ముందుకు పోతే ఒడ్డు అందదు, వెనక్కి తిరిగినా అందదు. కెప్టెన్ రిచర్డ్ ఆగ్ ఏం చేశాడు? కోస్ట్ గార్డ్ ఓడ ‘పాంట్‌చార్‌ట్రెయిన్’ చుట్టూ తెల్లవారేదాకా తిరుగుతూనే ఉన్నాడు. చీకట్లో అలల తీరు కనపడదు. పైగా తిరిగేకొద్దీ ఇంధనం ఖర్చై బరువు తగ్గుతుంది. ముందటేడు ఇదే రకం విమానం ఒరెగాన్ తీరంలో నీటిపై దిగినప్పుడు తోక విరిగిందని ఆయనకు తెలుసు, అందుకని ప్రయాణికులను వెనక సీట్ల నుంచి లేపి ముందుకు పంపాడు. తెల్లవారాక దిగాడు. తోక విరగనే విరిగింది. 31 మందీ బతికారు. (సరుకుల అరలో పెట్టెల కొద్దీ కానరీ పిట్టలుండేవి, అవి మునిగిపోయాయి. అందరూ బతికారని రాసేటప్పుడు మనం పిట్టలను లెక్కలోకి తీసుకోం.)

ఆ రాత్రి ఆ విమానంలో కూర్చోవడం ఎలా ఉండి ఉంటుందా అని ఆలోచిస్తాను. కింద కాపాడే ఓడ దీపాలు కనపడుతున్నాయి, అయినా దిగడం లేదు. ఇప్పుడే దించేయండి అని అరవాలనిపించదూ? 

ఇక్కడ ఓర్పే గొప్పదని తేల్చేద్దామంటే హడ్సన్ నది అడ్డొస్తుంది. 2009 జనవరి 15న న్యూయార్క్ లాగ్వార్డియా నుంచి లేచిన ఎయిర్‌బస్ ఏ320 ఇంజన్లలోకి కెనడా బాతులు దూరాయి. అక్కడి నుంచి నీళ్లను తాకేదాకా సుమారు మూడున్నర నిమిషాలు. కెప్టెన్ సల్లెన్‌బర్గర్‌కు కంట్రోలర్ రన్‌వేలు చూపిస్తూనే ఉన్నాడు. ఆయన కుదరదన్నాడు, హడ్సన్‌లోనే దిగుతున్నామన్నాడు. కళ్లెదుట రన్‌వే ఆశ ఉండగా దాన్ని వదులుకోవడం, అదీ అంత త్వరగా వదులుకోవడం, నీళ్ల మీద దించడం కన్నా కష్టమని నా అభిప్రాయం.

తరువాత విచారణలో సిమ్యులేటర్‌పై పరీక్షించారు. పక్షులు తగిలిన మరుక్షణమే వెనక్కి తిప్పినప్పుడు కొన్నిసార్లు రన్‌వే అందింది. కానీ ఏం జరిగిందో గ్రహించి, ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి 35 సెకన్లు కలిపి చూస్తే అందలేదు. ఆ 35 సెకన్లను లెక్కలో చేర్చడం నాకు న్యాయంగా తోచింది. అవి మనిషి వాటా. ఆలోచనకు కాలం పడుతుందని ఒక ప్రభుత్వ నివేదిక ఒప్పుకోవడం ఎంత అరుదు!

ఆ రోజు 155 మందీ బతికితే లోకం అద్భుతమంది. కావచ్చు. పగటివేళ, అలల్లేని నది, కొద్ది నిమిషాల్లోనే చేరుకున్న ఫెర్రీలు. ఇవేవీ కెప్టెన్ చేతిలో లేనివి. నడిసముద్రంలో, అర్ధరాత్రి, ఎత్తైన అలల మధ్య అదే చెయ్యి అదే పని చేసినా ఫలితం వేరుగా ఉండొచ్చు. వెనక భాగం పగిలి నీళ్లు లోపలికి వచ్చేస్తుంటే సిబ్బంది జనాన్ని ముందుకు, రెక్కల మీదికి మళ్లించారు. ఎముకలు కొరికే చలిలో చాలామంది జాకెట్ లేకుండానే బయటికొచ్చారు. నడుముపట్టీ బిగించుకుని సరిగ్గా తొడుక్కున్నవాళ్లు నలుగురేనని నివేదిక చెబుతుంది. కొమొరోలో జాకెట్ ముందే ఊదుకున్నారు, హడ్సన్‌లో చాలామంది దాన్ని తీసుకోనే లేదు. అక్కడ పడవలు దగ్గరున్నాయి కాబట్టి సరిపోయింది.

మనవాళ్లు దోహాకు పోయినా డాలస్‌కు పోయినా సముద్రం దాటక తప్పదు. పిల్లల దగ్గరికి తొలిసారి వెళ్తున్న అమ్మానాన్నలు ఏ విమానంలోనైనా కనపడతారు. ఇంగ్లీషులో, అరబిక్‌లో, హిందీలో చెప్పేది అర్థంకాక ఎయిర్‌హోస్టెస్ చేతుల వంక చూస్తూ కూర్చుంటారు. మీ పక్క సీట్లో అలాంటి పెద్దవాళ్లుంటే ఫోన్ కాసేపు పక్కనపెట్టి, జాకెట్ సీటు కింద ఎక్కడుందో చేత్తో తడిమి చూపించండి. మెడలో వేసుకుని పట్టీ బిగించుకోవాలని, గాలి నింపే తాడు మాత్రం తలుపు దాటాకే లాగాలని తెలుగులో చెప్పండి.