వంగిన బాణం వంకర బాణం కాదు



పోయిన వీడియోలో అవధూతకి ఉన్న 24 మంది గురువుల గురించి చెప్పుకున్నాం కదా. భాగవతం ఏకాదశ స్కంధంలో వచ్చే ఆ గురువుల్లో బాణాలు చేసే అతను ఒకడు. పక్క నుంచి రాజుగారి ఊరేగింపు వెళ్ళినా అతనికి తెలియలేదు. దృష్టంతా చేతిలోని బాణం మీదే. ఏకాగ్రత అంటే అదీ అని చెప్పి వీడియో ముగించాను. ముగించాక నాకే ఒక సందేహం మిగిలింది. అంతసేపు ఆ బాణంలో అతను ఏం చూస్తున్నట్టు? నిటారుగా ఉందో లేదో చూడటానికి అంత సమయం పడుతుందా?

దానికి జవాబు మా అమ్మాయి వల్ల దొరికింది. ఆ జవాబు వల్ల మా ఇంట్లో మూడేళ్ళుగా మూసి ఉన్న తలుపు ఒకటి తెరుచుకుంది. అందుకే ఈ పోస్టు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇండియన్ రౌండ్ విలువిద్య నేర్చుకుంటోంది. మన దేశంలో పోటీల్లో వెదురు విల్లుతో 30, 50 మీటర్ల దూరాలకి వేసే విభాగం అది. ఈ మధ్య దాని బాణాలన్నీ ఎడమ పక్కకి పడుతున్నాయి. "నీకు శ్రద్ధ లేదు, గురి చూడట్లేదు" అని రోజూ కోప్పడేవాణ్ణి. ఒక ఆదివారం గ్రౌండుకి వెళ్ళి మాస్టారుకి కూడా అదే చెప్పాను. ఆయన నవ్వి, "పిల్లని తర్వాత చూద్దాం సార్, ముందు బాణాన్ని చూద్దాం" అన్నారు.

మూడు మామూలు బాణాలు, ఈకలు పీకేసిన బాణం ఒకటి తీసుకుని దగ్గర దూరం నుంచి వేయించారు. ఎందుకంటే ఈకలు బాణాన్ని దారిలో దిద్దుతాయి, దాని లోపాన్ని కప్పుతాయి కూడా. ఈకలు లేని బాణం ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. ముందు అది మిగతావాటి కంటే కిందికి దిగింది. నారి మీద బాణం తగిలించే చోటు మరీ పైకి ఉందని దాన్ని కాస్త కిందికి జరిపారు. పైకీ కిందికీ సరిపడ్డాకే పక్కల సంగతి చూడాలట. మళ్ళీ వేయించారు. నాలుగైదు సార్లు వేసినా ఈకలు లేని బాణం ఎడమ పక్కకే పోయింది.

"బాణం గట్టిదైపోయింది సార్. ఈ విల్లుకి ఇది వంగట్లేదు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. వంగకపోతే మంచిదే కదండీ అన్నాను. ఆయన నా ఫోన్ తీసుకుని స్లో మోషన్‌లో పెట్టమన్నారు. వీడియోలు తీయడం నా పనే కాబట్టి తీశాను. మిత్రులారా, అది చూసి నేను నిజంగా నివ్వెరపోయాను. నారి వదలగానే బాగా పోయే బాణం పాములా మెలికలు తిరుగుతోంది! వింటి పిడి పక్కగా ఒళ్ళు వంచుకుని, దాన్ని తగలకుండా తప్పుకుని, ఆ తర్వాత అటూ ఇటూ ఊగుతూ ఊగుతూ నిదానించి లక్ష్యానికి చేరుతోంది. మామూలు కంటికి అది గీత గీసినట్టు సూటిగా పోతున్నట్టే ఉంటుంది. 1930ల్లో క్లారెన్స్ హిక్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త హైస్పీడ్ కెమెరాతో తీసి చూపించింది కూడా ఇదేనట.

కారణం సులువే. పాత తరహా వింటికి బాణం మధ్యలోంచి పోయే దారి ఉండదు, పిడి అడ్డంగా ఉంటుంది. కుడిచేత్తో నారి లాగేవాళ్ళకి బాణం పిడికి ఎడమ పక్కన ఆనుతుంది. వెనక నుంచి నారి తోస్తుంది, ముందు పిడి అడ్డు. ఆ ఒత్తిడిలో బాణం తగినంత వంగాలి. వంగనిది పిడికి కొట్టుకుని ఎడమకి పోతుంది. మరీ మెత్తనిది అతిగా వంగి కుడికి పోతుంది. గట్టిదాన్ని దిద్దాలంటే ములికి బరువు కాస్త పెంచాలి, లేదా వెదురుని చుట్టూ సమంగా కొద్దికొద్దిగా గీకి సన్నం చెయ్యాలి. మెత్తదైతే ములికి బరువు తగ్గించాలి, పొడవు ఉంటే కాస్త కత్తిరించాలి. గీకడం, వేసి చూడడం, మళ్ళీ గీకడం. అవధూత చూసిన మనిషికి అంతసేపు ఎందుకు పట్టిందో నాకప్పుడు తెలిసింది.

"మరి వంకర బాణమైనా పర్లేదా?" అని అడిగాను. మాస్టారు ఇంకో బాణం అరచేతిలో పెట్టి దొర్లించారు. అది ఎగిరెగిరి పడింది. "ఇది వంకర సార్. ఏ ఒత్తిడీ లేనప్పుడు కూడా వంకరగానే ఉంది. దీన్ని నిప్పు సెగ చూపించి సరిచెయ్యాలి. మంచి బాణం ఊరికే ఉన్నప్పుడు తిన్నగా ఉంటుంది, ఒత్తిడి వస్తే వంగుతుంది, మళ్ళీ తిన్నగా అవుతుంది. వంగడం వేరు, వంకర వేరు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది.

ఎందుకంటే, మూడేళ్ళ కిందట పొలం పంపకాల లెక్కల్లో మా తమ్ముడికీ నాకూ మాటా మాటా వచ్చింది. అందరి ముందూ వాడు నన్ను దొంగ లెక్కల మనిషి అన్నాడు. నేను దొంగ లెక్క రాయలేదు. ఆ కోపంలో అమ్మ ముందే, వాడొచ్చి తప్పయిందని అనేదాకా వాడి గడప తొక్కనని ఒట్టేశాను. వాడు రాలేదు, నేను వెళ్ళలేదు. ఇప్పుడు వాడి కూతురి పెళ్ళి. పత్రిక అమ్మ చేత పంపాడు. మాట మీద నిలబడటం ధర్మం అని వీడియోల్లో చెప్పే మనిషిని, ఒట్టు ఎలా తప్పను అనుకుంటూ ఉన్నాను.

ఆ రాత్రి కర్ణపర్వం గుర్తొచ్చింది. యుద్ధం 17వ రోజు. కర్ణుడి చేతిలో దెబ్బతిన్న ధర్మరాజు ఆ బాధలో, గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని అర్జునుణ్ణి దెప్పిపొడుస్తాడు. ఆ మాట అన్నవాడి తల తీస్తానని అర్జునుడికి ఒక ప్రతిజ్ఞ ఉంది. వెంటనే అన్న మీదికి కత్తి దూస్తాడు! కృష్ణుడు ఆపి కౌశికుడి కథ చెబుతాడు. సత్యమే పలుకుతానని వ్రతం పట్టిన ఆ తాపసి, ప్రాణభయంతో దాక్కున్నవాళ్ళ జాడ దొంగలకి చెప్పేశాడు. వాళ్ళు చచ్చిపోయారు, కౌశికుడు నరకానికి పోయాడు. నిజమే చెప్పాడు, కానీ వంగని బాణంలా పక్కకి పోయాడు. ఇక్కడ విచిత్రం చూడండి. అంతటి విలుకాడు, లక్షల బాణాలు వేసినవాడు, తన మాట దగ్గర మాత్రం కొయ్యబారిపోయాడు.

అయితే ఎవరికి కావలసినట్టు వాళ్ళు వంగొచ్చా అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అదే ధర్మరాజు అశ్వత్థామ విషయంలో మాట మెలిపెట్టి చెప్పినప్పుడు, అంతవరకూ నేలకి నాలుగు అంగుళాల ఎత్తున నడిచే ఆయన రథం నేలకి దిగిందని భారతమే చెప్పింది. కృష్ణుడి ప్రోద్బలం ఉన్నా ఆ లెక్క తప్పలేదు. కాబట్టి వంగిన ప్రతిసారీ మనల్ని మనం అడిగి చూసుకోవాలి. వంగేది ఎదుటివాడి ప్రాణం, మనసు నిలపడానికా, మన గెలుపుకా? వంగాక మళ్ళీ తిన్నగా అవుతామా, లేక అలాగే ఉండిపోతామా? ఈకలు లేకుండా, అంటే బొట్టూ జపమాలా పదిమంది మెప్పూ పక్కన పెట్టి చూసుకుంటే మనం ఎటు పోతున్నాం? నా వరకు జవాబు ఎడమ పక్కకే వచ్చింది. నేను కాపాడుకుంటున్నది ధర్మాన్ని కాదు, తగిలిన దెబ్బని.

మర్నాడు అమ్మ దగ్గరికి వెళ్ళి, "నీ ముందు వేసిన ఒట్టు..." అంటూ నసిగాను. "ఎప్పుడో తీసి గట్టున పెట్టాన్రా. నువ్వే మోస్తున్నావు" అంది.

తమ్ముడికి ఫోన్ చేశాను. "పత్రిక అందింది, వస్తున్నాం" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "వదినని రెండు రోజులు ముందే పంపించు అన్నయ్యా" అన్నాడు. వాడు తప్పయిందని అనలేదు. నేనూ నా లెక్క తప్పని ఒప్పుకోలేదు, ఎందుకంటే అది తప్పు కాదు. పెళ్ళయ్యాక ఇద్దరం కూర్చుని కాగితాలు చూసుకుంటాం. అక్కడ మాత్రం తిన్నగానే ఉంటాను.

మా అమ్మాయి బాణాలు మాస్టారు ఇంకా దిద్దుతూనే ఉన్నారు. కొన్ని కుదిరాయి, రెండు మాత్రం ఇంకా మొండికేస్తున్నాయట. దానికి సారీ చెప్పాను. "పర్లేదులే నాన్నా, అయితే బాబాయి వాళ్ళింటికి వెళ్తున్నట్టేనా?" అంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ఒట్టు ఏదైనా ఉంటే, ఈ రాత్రి ఒక్కసారి అరచేతిలో పెట్టి దొర్లించి చూడండి.

కృష్ణార్పణం.