దుబరాజు గుడి ముందు ఒక ప్రశ్న

18వ శతాబ్దపు రోమ్‌లో పిరనేసి అనే చిత్రకారుడు శిథిలాల బొమ్మలను రాగిరేకులపై చెక్కి అచ్చువేస్తే, ఊరు చూడవచ్చిన యాత్రికులు కొనుక్కుని ఇళ్లకు పట్టుకెళ్లేవారు. కూలిన గోడ అక్కడ అందమైంది, అమ్ముడుపోయే సరుకూ అయింది.

కోనసీమలో కథ వేరు. మామిడికుదురు మండలం ఆదుర్రులో, వైనతేయ నది ఒడ్డున, ఇటుకల బౌద్ధ స్తూపం ఒకటి శిథిలమై ఉంది. ఊరివాళ్లు దాన్ని దుబరాజు గుడి అన్నారు. బుద్ధుడి పేరు మరుపున పడినా ‘గుడి’ అన్న మాట మాత్రం నిలిచింది.

మరి శిథిలాన్ని చూసి ఆనందించాలా, దణ్ణం పెట్టాలా?

ఆగమాలు పాడుబడ్డ ఆలయానికి జీర్ణోద్ధారణ చెబుతాయి. విరిగిన విగ్రహానికి పూజ కూడదంటాయి. పుట్టినదల్లా నశిస్తుందంటుంది బౌద్ధం. ఆ లెక్కన ఆదుర్రు ఇటుకలే ఒక బోధ. అలాగని అనిత్యం పేరు చెప్పి చేతులు కట్టుకోవడం తప్పు. అమరావతిలో 1816 నుంచి సర్వేయరు కర్నల్ మెకంజీ వెంట ఉన్న చిత్రకారులు స్తూప శిల్పాలను ఓపిగ్గా గీశారు. తర్వాత కనబడకుండా పోయిన రాళ్లు కొన్ని ఇప్పుడు ఆ గీతల్లోనే ఉన్నాయి. అమ్మకానికి కాక ఆనవాలు కోసం గీసిన ఆ బొమ్మల్లో పూజకు దగ్గరైన శ్రద్ధ ఉంది.

కోనసీమ కొబ్బరితోటలనూ కాలువలనూ గీసే చేతులు ఆదుర్రు దిబ్బ దగ్గర కూడా ఒక పూట కూర్చోవాలి.