మసక చుక్క



నవంబరు అమావాస్యనాడు కాణిపాకంలో, గుడి దీపాలకు దూరంగా, బాహుదా ఒడ్డున నిలబడి చూడండి. ఆ ఆకాశంలో నెప్ట్యూన్ గ్రహం ఉంటుంది, మన కంటికి ఆనదు. దాని వెలుగు మనల్ని చేరడానికే నాలుగు గంటలు. చిన్న టెలిస్కోపుకు కెమెరా బిగిస్తే చిక్కుతుంది. కన్ను చూసినది అప్పుడే వదిలేస్తుంది. కెమెరా తెరచి ఉంచినంతసేపూ వెలుగును కూడబెడుతుంది.

అయినా ఒక్క ఫోటో చాలదు. అందులో అది నక్షత్రాల నడుమ మరో చుక్క, అంతే. కొన్నాళ్లకు మళ్లీ తీసి పక్కన పెడితేనే కదిలినదేదో తెలుస్తుంది. గెలీలియో 1612 డిసెంబరులోనే దాన్ని చూసి నక్షత్రమని గుర్తు పెట్టుకున్నాడు. 1613 జనవరిలో చోటు మారినట్టు తోచింది కూడా, వెంబడించలేదు. అంతటివాడు! గ్రహమని లోకానికి తెలిసింది 1846లో.

“ఫాదర్, ఎంత ప్రార్థించినా దేవుడు కనబడడం లేదు” అని జపమాల పక్కన పెట్టినవారు మన విచారణల్లో ఉన్నారు. ఏలీయా ప్రవక్తకు ప్రభువు పెనుగాలిలో లేడు, భూకంపంలో లేడు, అగ్నిలో లేడు; మెల్లని స్వరం వచ్చేదాకా ఆయన కొండమీదే ఉన్నాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మాత్రం నేను ఇదేమీ చెప్పను; సెమినరీలో చదివిన తత్త్వశాస్త్రం అక్కడ కొరగాదు. ఒక్కటే అడుగుతాను: రేపు రాత్రి కూడా అదే చోట కూర్చుంటావా, అమ్మా?