ఖాతాలో లేని పిల్లలు

మా డ్రాయింగ్ మాస్టారికి ఎలెన్ గాలగర్ అనే చిత్రకారిణి వేసిన బొమ్మ ఒకటి చూపించాను. ఫోన్ కళ్లదాకా తెచ్చుకుని, "ఏముందిరా ఇందులో? తెల్లకాగితమేగా!" అన్నారు.

"పెద్దది చేసి చూడండి."

చూశారు. మందపాటి కాగితాన్ని బ్లేడుతో చెక్కినట్టు కోసిన గాట్లు. నాచు తీగలు, పొలుసులు, వాటి మధ్య మనుషుల ముఖాలు. అంతా తెలుపు మీద తెలుపే.

"2001లో మొదలుపెట్టిన వరస ఇది, 'వాటరీ ఎక్‌స్టాటిక్'. తిమింగలాల వేటకెళ్లిన నావికులు పొద్దుపోక ఎముకల మీద చెక్కేవారు చూడండి, ఆ పద్ధతి."

"ఈ ముఖాలెవరివి?"

చెప్పాను. డెట్రాయిట్‌లో డ్రెక్సియా అని ఎలక్ట్రానిక్ సంగీతం చేసే ఇద్దరుండేవారు. 1997లో తమ 'ది క్వెస్ట్' ఆల్బంతోపాటు ఒక కథ అచ్చువేశారు. బానిస ఓడల్లోంచి సముద్రంలోకి విసిరేసిన గర్భిణుల బిడ్డలు చావలేదేమో, ఉమ్మనీటిలో బతికినట్టే ఉప్పునీటిలోనూ బతికారేమో అని. ఈ ముఖాలు ఆ పిల్లలవే. నల్లవాళ్లు తమ రేపటిని తామే ఊహించుకునే ఈ ధోరణికి ఆఫ్రోఫ్యూచరిజం అని 1993లో మార్క్ డెరీ పేరు పెట్టాడు.

మాస్టారికి నచ్చలేదు. "ఇది ఉత్త ఓదార్పురా. పిల్లలు హాయిగా ఈదుతున్నారంటే, తోసినవాడి పాపం సగం కడిగేసినట్టు కాదూ?"

కాసేపు నాకు నోట మాట రాలేదు. తర్వాత జాంగ్ ఓడ సంగతి ఎత్తాను. 1781లో ఆ ఓడమీంచి నూట ముప్పైమందికి పైగా బానిసలను సముద్రంలోకి తోసేశారు. యజమానులు తలకు 30 పౌండ్ల చొప్పున బీమా సొమ్ము అడిగారు. 1783లో లండన్ కోర్టులో వాదన నడిచింది హత్య మీద కాదు, సరుకు నష్టం మీద. జూరీ మొదట యజమానులవైపే తీర్పిచ్చింది.

"మనిషి సరుకు అనటం కంటే పెద్ద కట్టుకథ ఉందా మాస్టారూ? దాన్ని కోర్టు నమ్మింది. చచ్చిపోయినవాళ్ల పేర్లయినా ఖాతాలో రాయలేదు. పేరు లేనివాళ్ల గురించి కథ కట్టక, ఇంకేం చేస్తారు?"

"కట్టనీ. కానీ దెబ్బ కనపడాలి కదా!"

ఆ మాట నన్ను బాగా పట్టుకుంది. దెబ్బ కనపడే కథ ఒకటి చెప్పాను. ఆక్టేవియా బట్లర్ 1979లో రాసిన 'కిండ్రెడ్' నవలలో డేనా అనే యువతి 1976 నాటి కాలిఫోర్నియా నుంచి బానిసల కాలపు మేరీలాండ్‌కి పోయి వస్తుంటుంది. ఆఖరిసారి ఇల్లు చేరేసరికి ఒక చెయ్యి ఉండదు. ఓదార్చటానికే రాసుంటే ఆవిడ ఆ చెయ్యి ఉంచేది.

"మరి ఆ వకాండా సినిమా? దెబ్బే తగలని ఊహాదేశం కదరా అది!"

"అక్కడ మీ మాట సగం ఒప్పుకుంటాను. కానీ అందులోనూ విలన్ కిల్‌మాంగర్ చచ్చేముందు, ఓడల్లోంచి దూకేసిన తన పూర్వీకుల దగ్గరికే, ఆ సముద్రంలోకే తనను పంపమంటాడు."

మాస్టారు మళ్లీ ఫోన్ తీసుకుని ఒక గాటు మీద వేలు పెట్టారు. అద్దం కదా, ఏమీ తగలదు.

"జాంగ్ వాళ్లకి ఏ శిక్ష పడింది?"

"హత్య చేశారని ఎవరిమీదా కేసే పెట్టలేదు మాస్టారూ."