మంచులో అద్దం, డ్రైవరు పూచీ

తెల్లవారుజామున పొగమంచులో కారు తగిలి మనిషో పశువో చనిపోతే, చంపాలన్న ఉద్దేశమే లేని డ్రైవరుకు ఆ పాపంలో పాలు ఎంత? "మంచు పట్టింది, కనబడలేదు" అన్న మాట ఎంతవరకు చెల్లుతుంది? తెలియక జరిగిన హింస గురించి ఈ దేశపు ధర్మశాస్త్రాలూ జైన, బౌద్ధ శ్రమణ సంప్రదాయాలూ చాలాకాలం తర్కించాయి. నిజామాబాద్–బోధన్ రోడ్డు మీద చలికాలంలో ఆ తర్కమంతా చాలా చిన్న వస్తువు దగ్గరికి వచ్చి ఆగుతుంది. అది ముందు అద్దం మీది వైపర్ రబ్బరు.

ఈ ప్రాంతంలో అద్దం మీద మంచు గడ్డకట్టే చలి ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో గోదావరి, మంజీర ఒడ్డుల్లో, నిజాంసాగర్ కాలువల కింద తడిసిన పొలాల మీద, జానకంపేట దగ్గర అశోక్‌సాగర్ పక్కన పొగమంచు కమ్ముతుంది. పాలవాళ్లు, కూలికి పోయే ఆడవాళ్లు, చెరుకు ట్రాక్టర్లు రోడ్డెక్కేదీ ఆ వేళకే. శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక బోధన్ చుట్టుపక్కల చెరుకు తగ్గి వరి పెరిగింది. మిగిలిన చెరుకు దూరపు ఫ్యాక్టరీలకు పోవాలి కనుక, లోడుతో ఉన్న ట్రాక్టరు రోడ్డు మీద ఎక్కువసేపు ఉంటుంది. ట్రాలీ దాటి బయటికి వచ్చిన గడలు వెనక లైటును కప్పేస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. అద్దం మీద నీటి చార ఆ ఒక్క సెకను అడ్డుపడితే చాలు.

ఆ చారకు మూలం ఎండాకాలంలోనే పడుతుంది. నిజామాబాద్ ఎండలు 45 డిగ్రీల దాకా పోతాయి. నెలల తరబడి కదలకుండా వేడి అద్దానికి ఆని ఉన్న రబ్బరు గట్టిపడుతుంది, అంచు ఒక పక్కకు వంగిపోతుంది, సన్నటి పగుళ్లు తీస్తుంది. జోరువానలో నీళ్లు ధారగా పారుతాయి కనుక ఆ లోపం అంతగా బయటపడదు. పొగమంచులో అద్దం మీద ఉండేది పలచటి తడి, దానికి తోడు వరికోతల దుమ్ము. ముదిరిన రబ్బరు దాన్ని తుడవలేక అద్దమంతా పులుముతుంది, ఎదుటి బండి లైటు పడగానే అద్దం తెల్లబడిపోతుంది.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం బండి వల్ల జరిగే హానిని ప్రత్యేకంగా విచారించింది. ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసో చక్రమో విరిగినా, పగ్గం తెగినా, తప్పుకొమ్మని తోలేవాడు కేక వేసినా శిక్ష లేదంది. తోలేవాడి చేతగానితనం వల్ల బండి దారితప్పి హాని జరిగితే మాత్రం యజమాని 200 పణాలు చెల్లించాలంది. పైచూపుకు ఈ సూత్రం వైపర్ పాడైన డ్రైవరును కాపాడేలా ఉంది, పాడైంది పనిముట్టే కదా అని. కానీ ఇరుసు ఉన్నట్టుండి విరుగుతుంది. వైపర్ రబ్బరు అలా కాదు, తాను పాడవుతున్న సంగతి ముందే చెబుతుంది. ప్రతి తుడుపుకూ ఒకే చోట గీత వదులుతుంది, కీచుమంటుంది, అద్దం మీద ఎగిరెగిరి పడుతుంది. నెలల ముందే ఇన్ని గుర్తులు చూపిన వస్తువు విషయంలో "విరిగింది, నేనేం చేయను" అన్న మినహాయింపు అడగడం న్యాయం కాదు.

ఈ విషయంలో అందరికంటే సూటిగా తేల్చింది జైనులు. వారి కథలకు ఈ నేలతోనూ సంబంధం ఉంది. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదన నేటి బోధనేనని పలువురు చరిత్రకారుల నిర్ణయం. జైన పురాణాల్లో బాహుబలి ఏలిన పోదనపురం కూడా ఇదేనన్న అభిప్రాయం ఉంది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను నిర్వచించేటప్పుడు ప్రాణం పోవడాన్ని ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోలేదు, అజాగ్రత్తను దానికి మూలంగా చెప్పింది. అనంతపురం జిల్లా కొనకొండ్ల వాడని సంప్రదాయం చెప్పే కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఇంకా ముందుకు పోయాడు. ఎదుటి జీవి చచ్చినా బతికినా, అజాగ్రత్తగా నడిచేవాడికి హింసాదోషం తప్పదు. జాగ్రత్తగా నడిచేవాడి కాలి కింద పొరపాటున జీవి పడినా కర్మబంధం అంటదు.

ఒకే రకంగా అరిగిన రబ్బర్లతో రెండు కార్లు ఒకే మంచులో బయలుదేరాయనుకుందాం. ఒకటి క్షేమంగా ఇల్లు చేరింది, రెండోది సైకిలు మీద పోయేవాణ్ని గుద్దింది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యం వల్ల ప్రాణం తీసినవాడికి ఐదేళ్ల వరకు జైలు చెబుతుంది, ఇల్లు చేరినవాడి జోలికి రాదు. ఆ సెక్షన్‌కు ఫలితం కావాలి. కుందకుందుడి లెక్కలో ఆ ఇద్దరూ సమానం. ఇది కఠినంగా తోస్తుంది గానీ సరైన తీర్పు ఇదే. ఇల్లు చేరినవాణ్ని కాపాడింది అతని గుణం కాదు, ఆ క్షణంలో రోడ్డు ఖాళీగా ఉండడం.

బౌద్ధ వినయపిటకంలోనూ దీనికి దగ్గరి ఉదంతం ఉంది. గుడ్డ కప్పి ఉన్న ఆసనం మీద ఒక భిక్షువు చూసుకోకుండా కూర్చున్నాడు. గుడ్డ కింద ఉన్న పసివాడు చనిపోయాడు. ఉద్దేశం లేదు కనుక సంఘం నుంచి వెలివేసేంత మహాదోషం కాదని బుద్ధుడు తీర్పు చెప్పాడు. అంతటితో వదలకుండా, ఆసనాన్ని పరీక్షించకుండా కూర్చోవడాన్నే ఒక చిన్న దోషంగా నియమం చేశాడు. నిజామాబాద్, బోధన్ పట్టణాల్లో పెద్ద సంఖ్యలో ఉన్న ముస్లింల సంప్రదాయంలో, పొరపాటున ప్రాణం తీసినవాడు మృతుడి కుటుంబానికి పరిహారం ఇవ్వాలని, ప్రాయశ్చిత్తం చేసుకోవాలని ఖురాన్ నాలుగో సూరా విధిస్తుంది. ఉద్దేశం లేకపోతే శిక్ష తగ్గుతుందన్నది ఈ మార్గాలన్నీ ఒప్పుకున్న సంగతే. ఉద్దేశం లేనంత మాత్రాన పూచీ పూర్తిగా తీరిపోతుందని మాత్రం ఏ ఒక్కటీ అనలేదు.

దసరాకు బండికి చేసే ఆయుధపూజ ఇక్కడ చర్చకు వస్తుంది. వానలు వెనక్కి తగ్గి మంచు మొదలయ్యే ముందు వచ్చే ఆ పండుగ, వైపర్ చూసుకోవడానికి సరిగ్గా తగిన సమయం. పూజ ఉండగా పరీక్ష ఎందుకు అనేవారికి, వైదిక కర్మలను విచారించిన మీమాంసకుల పాత నియమం సమాధానం చెబుతుంది. ఒక కర్మకు కంటికి కనబడే ప్రయోజనం దొరుకుతున్నప్పుడు కనబడని ఫలాన్ని ఊహించకూడదు. సోమయాగంలో పాత్రను తుడవాలన్న విధి ఏకవచనంలో ఉంది, అంటే ఒక్క పాత్రనే తుడవాలా అన్న చర్చ వారి మూలగ్రంథమైన జైమిని సూత్రాల మూడో అధ్యాయంలో వస్తుంది. తుడవడం పాత్ర కోసమే కనుక ఎన్ని పాత్రలుంటే అన్నిటినీ తుడవాలని నిర్ణయించారు. పనిముట్టును శుభ్రం చేయడం యజ్ఞంలో భాగమే అయినప్పుడు, బండి పూజలో రెండు బ్లేడ్లనూ ఎత్తి తడిగుడ్డతో తుడవడం పూజకు బయటి పని ఎలా అవుతుంది?

ఆ పూజే ఒక్కోసారి అద్దానికి చేటు చేస్తుంది. స్వస్తిక్ వేసిన కుంకుమ, చల్లిన కొబ్బరినీళ్లు ఆరి జిగటగా మారి రబ్బరు అంచు కింద చేరతాయి. దుమ్ము వాటికి అంటుకుంటుంది. అలాగే వైపర్ తిప్పితే అద్దం మీద విల్లులాంటి గీత పడుతుంది, అది ఇక పోదు. మర్నాడు నీళ్లు పోసి కడిగాకే వైపర్ వాడాలి.

కొత్త వైపర్లు కొనేటప్పుడు పాత బ్లేడ్లు రెంటినీ విడివిడిగా కొలవాలి. చాలా కార్లలో డ్రైవరు వైపుది పొడవు ఎక్కువ. కొక్కెం తీరు కూడా చూసుకోవాలి. ఇనుప ఫ్రేము బ్లేడు చవక. ఫ్రేములేనిది వంపు అద్దం మీద సమానంగా ఆనుతుంది. సిలికాన్ రబ్బరుకు ధర ఎక్కువ, ఎండను ఎక్కువకాలం ఓర్చుకుంటుంది. రోజంతా ఎండలో నిలిచే బండికి ఏడాదికోసారి మార్చడం మంచిది. డీజిలు పొగ జిడ్డు పేరుకున్న అద్దం మీద కొత్త బ్లేడు కూడా ఎగిరిపడుతుంది కనుక ముందు అద్దాన్ని కడగాలి. రబ్బరుకు కిరోసిన్, గ్రీజు రాయకూడదు. వాషర్ ట్యాంకులో ఉప్పు తేలే బోరునీళ్లు, బట్టల సబ్బుపొడి పోయకూడదు. పొద్దున బండి తీసేటప్పుడు పొడి అద్దం మీద వైపర్ తిప్పకుండా తడిగుడ్డతో దుమ్ము తీయాలి. లోపలివైపు ఆవిరి పడితే దాన్ని వైపర్ తీయలేదు. ఏసీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా మార్చి, అద్దం మీదికి ఊదించాలి.

ఎంత కొత్త రబ్బరైనా తుడిచేది అద్దాన్నే, ఎదుట గాలిలో నిలిచిన మంచును కాదు. జైన సాధువులు అడుగు వేసే ముందు నాలుగు మూరల నేల చూసుకుంటారు. నేల మీద కంటికి ఆనని ప్రాణులు పెరిగే వానాకాలంలో నాలుగు నెలలు ప్రయాణమే మానేస్తారు. డ్రైవరు కూడా అలాగే, మంచు మరీ దట్టమైనప్పుడు హెడ్‌లైట్లు డిమ్‌లో పెట్టి వేగం తగ్గించాలి. అప్పటికీ దారి కనబడకపోతే బండిని రోడ్డు మీద నిలపకుండా పూర్తిగా పక్కకు దించి, పార్కింగ్ లైట్లు వేసి, మంచు విడేదాకా ఆగాలి.