ఊరికి బాకీ ఉన్నామా?

పుట్టిన ఊరికి మనిషి ఏమైనా బాకీ ఉంటాడా? ఆటల గురించి ఆలోచించినప్పుడే ఈ ప్రశ్న నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఉద్యోగమైతే జీతం కోసమని సర్దిచెప్పుకుంటాం. ఆటలో మాత్రం ‘మనోడు’ అనే మాట వచ్చి తీరుతుంది.

2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్ అంటే రాహుల్ చౌధరి. అతనిది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ వైపు. మొదటి ఆరు సీజన్లూ మన జెర్సీలోనే కూతకెళ్ళాడు. 2018 వేలంలో 1.29 కోట్లకి టైటాన్స్ అతన్ని నిలుపుకుంది. మరుసటి ఏడాది 94 లక్షలకి తమిళ్ తలైవాస్‌కి వెళ్ళాడు. అంటే అన్నాళ్ళూ మనం అరిచిన ‘మన రాహుల్’ అబద్ధమా?

డబ్బు వల్లే ఈ గొడవంతా అనేవాళ్ళు ఐర్లండ్ వైపు చూపిస్తారు. అక్కడి హర్లింగ్ కర్రతో ఆడే ఆట, జట్టుకి పదిహేనుమంది. క్లబ్బంటే సాధారణంగా ఊరే. ఆ పైన జిల్లా లాంటి కౌంటీ జట్టు. డబ్లిన్‌లో ఎనభైవేలమంది ముందు ఫైనల్ ఆడినా జీతం ఉండదు. కౌంటీ కార్క్‌కి ఎనిమిదిసార్లు ఆల్ ఐర్లండ్ కప్పు తెచ్చిన క్రిస్టీ రింగ్ బతుకుతెరువుకి ఆయిల్ లారీ నడిపాడు.

అయితే ఆ రింగ్ కూడా ఊరి జట్టుతో ఉండిపోలేదు. పుట్టింది క్లోయిన్ అనే పల్లెలో. 1941లో కార్క్ నగరంలోని గ్లెన్ రోవర్స్‌కి మారాడు. ఆ తర్వాత పాతికేళ్ళు ఆ క్లబ్బుకే ఆడాడు. 1979లో చనిపోతే క్లోయిన్‌లోనే పూడ్చారు. ఇవాళ అక్కడ ఆయన విగ్రహం ఉంది. జట్టు వదిలి వెళ్ళినవాణ్ణి ఊరు తనవాడు కాదనలేదు.

నాకు ఇక్కడ మా వైపు గుర్తొస్తుంది. జగిత్యాల, కోరుట్ల నుంచి గల్ఫ్‌కి పోవడం కొత్త కాదు. సిరిసిల్ల నేతవాళ్ళు బతుకుతెరువుకి భీవండి, షోలాపూర్ పోయారు. ఊళ్ళో కబడ్డీ బాగా ఆడే పిల్లాడికి కండ పట్టే వయసూ పాస్‌పోర్టు చేతికొచ్చే వయసూ ఒకటే. వాడు దుబాయ్ పోతే ఊరి జట్టుకి ద్రోహం చేసినట్టా? ఏజెంటుకిచ్చిన అప్పుమీద వడ్డీ జట్టు కడుతుందా?

జీతం లేని ఆటని పవిత్రం అనడం, నెలనెలా జీతం తీసుకునే నాలాంటి వాడికి తేలిక. కానీ రింగ్ ఆడగలిగాడంటే, వారమంతా లారీ నడిపితే ఇల్లు గడిచింది కాబట్టి. పని దొరికిన నగరానికి ఆడే మైదానం దగ్గరే ఉంది కాబట్టి. ఊరిమీద ప్రేమ ఎంతున్నా, ఆ బతుకుతెరువు లేకపోతే మిగిలేది ఊరు చేయించుకునే వెట్టే.

అట్లని వేలంపాటే న్యాయం అనను. వేలం ఆటగాడి కష్టానికి ధర కడుతుంది, అది మంచిదే. కానీ జట్టు పేరులో ‘తెలుగు’ ఉన్నంతమాత్రాన కోరుట్ల పిల్లాడికి ఒక కోచ్ దొరకడు. అక్కడ ఊరి పేరు వాడుకోవడమే తప్ప ఊరికి ఏ బాధ్యతా లేదు.

అందుకే ఉన్నాడా పోయాడా అన్నది నాకు సరైన కొలత అనిపించదు. ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు దాచుకోకుండా ఆడాడా అన్నది ఒకటి. ఉండటానికి వీలయ్యేట్టు మనం ఏం చేశాం అన్నది రెండోది. మొదటిదానికి రాహుల్ ఆరు సీజన్లపాటు జవాబిచ్చాడు, కాబట్టి ఆ అరుపులు అబద్ధం కావు. రెండోదానికి జవాబు చెప్పాల్సింది మనమే.

ఊరికి పోతే మా పెద్దబాపు వయసువాళ్ళు అడుగుతుంటారు, “ఊరికేం చేసినవ్‌రా?” అని. హైదరాబాద్‌లో కూర్చుని ఎక్కడో అమెరికా క్లయింటుకి కోడ్ రాసేవాణ్ణి, ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. బాకీ ఉందనే అనుకుంటున్నాను. కాకపోతే అది ఊళ్ళోనే ఉండిపోతే తీరేది కాదు. వెనక వచ్చే పిల్లాడు ఊరు వదలాలా వద్దా అన్నది అప్పుకి భయపడి కాకుండా, తన ఇష్టంతో తేల్చుకోగలిగితే అప్పుడు కొంత తీరుతుంది.